ఇంజిన్ బాగానే ఉంది

డాలీగంజ్,
గురువారం

పద్మిని నాన్నగారికి,

బేబీరాణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ పద్మిని, అత్తయ్య, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. వానలు మొదలయ్యాయి గానీ ఈసారి ఇల్లు కారడం లేదు. మీరు కూడా అక్కడ కాంబెల్‌బేలో వేళకి తింటూ, పవర్ హౌస్‌లో డ్యూటీ దిగాక ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా నిద్రపోతూ, ఆ మోకాలికి తైలం రాసుకుంటూ బాగున్నారని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం, కొబ్బరికాయల మూట సూరయ్య ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఓడలో పనిచేసే మనిషికి ఎప్పుడూ తొందరే కదా, గుమ్మంలోనే నిలబడి, “వదినా, శనివారం మళ్ళీ కాంబెల్‌బే పోతున్నాం. జవాబు రాసి రెడీగా ఉంచు, గోపీ భయ్యా జరూర్ తెమ్మన్నాడు” అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ఒక వాక్యం రాస్తాను, లేస్తాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి చూసి వస్తాను. ఆరిన బట్టలు తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెడతాను. అత్తయ్య మంచం మీంచి చూసి, “కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు, బైఠ్ జావో” అంటోంది. కూర్చున్నాను.

తెలుగులో రాస్తున్నందుకు విసుక్కోకండి. హిందీ అయితే మీరు గబగబా చదివేస్తారు, తెలుగు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. నాకు కావలసింది అదే. హిందీలో రాస్తే సగం చదివి కోపం తెచ్చుకుని మిగతా సగం మీరే ఊహించేసుకుంటారు. తెలుగులో అయితే కోపం వచ్చేలోపు తర్వాతి వాక్యం కూడా కళ్ళబడుతుంది.

ఉద్యోగం పర్మనెంట్ అయిందని, క్వార్టర్ ఇచ్చారని రాశారు. చాలా సంతోషం. నిజంగానే సంతోషం, ఇది మాటవరసకి రాయడం లేదు. కారు మీ స్నేహితుడు రాజ్‌కిరణ్‌కి అమ్మేసి పై నెల ఓడకి మీరు ముగ్గురూ వచ్చేయండి, టికెట్లు తీయించనా అని అడిగారు. ఉత్తరం మొదట్లో అడిగారు, చివర్లో మళ్ళీ అడిగారు. దాని జవాబు కోసం పేజీ తిప్పి చూడకండి. చిన్నవి ముందు రాస్తాను.

పద్మినికి దగ్గు తగ్గింది. లెక్కల్లో మార్కులు మీరు అనుకున్నంత బాగా రాలేదు, నేను భయపడినంత తక్కువగానూ రాలేదు. అత్తయ్య కళ్ళలో మందు చుక్కలు తప్పకుండా వేస్తున్నాను. వేసేటప్పుడు నన్ను తిడుతుంది, వేశాక చల్లగా ఉందంటుంది. కాంబెల్‌బే వెళ్దామా అని అడిగితే, “నాకేం, ఎక్కడైనా వెళ్తాను. ఓడలో వాంతులు మాత్రం నువ్వే ఎత్తాలి” అంది. నర్సరీ పని మానేశావా అని అడిగారు. మానలేదు. సిప్పీఘాట్‌లో ఇప్పుడు మిరియాల తీగలు ముక్కలు కోసి మట్టి సంచుల్లో నాటే కాలం. దీదీ నాటిన మొక్కలే ఇవ్వండి అని అడిగి పట్టుకెళ్ళే రైతులు ఉన్నారు. ఇది గొప్పకి రాయడం లేదు. సరే, గొప్పకే రాస్తున్నాను.

ఇక కారు సంగతి. “రాజ్‌కిరణ్‌కి చూపించే ముందు ఇంజిన్ ఆయిల్ మార్పించు, నల్లగా ఉంటే వంక పెడతాడు” అని రాశారు. మార్పించలేదు. నేనే మార్చాను, మన ఇంటి ముందరే.

గ్యారేజీకి వెళ్ళాను గానీ, ముందు పట్టిన పనులు చాలా ఉన్నాయి, బండి వదిలేసి వెళ్ళండి, అయ్యాక ఫోన్ చేస్తాం అన్నారు. బండి వదిలి ఉండటం నాకు కుదరదు. ఎందుకు కుదరదో ఇప్పుడే చెప్పేస్తాను. నేను సిప్పీఘాట్‌కి బస్సులో వెళ్ళడం లేదు, కారులో వెళ్తున్నాను. బ్యాటరీ పోకుండా వారానికోసారి స్టార్ట్ చేసి ఆపెయ్యమని మీరు వెళ్తూ చెప్పారు. మొదట్లో అలాగే చేశాను. ఆకలేసిన మనిషికి కంచం చూపించి లాగేసినట్టుండేది. ఒకరోజు గేటు దాకా నడిపాను. ఇంకోరోజు మలుపు దాకా. తర్వాత నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను, ఆ తర్వాత సిప్పీఘాట్. సీట్ల మీద మీరు వేయించిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి, వాటి మీద నర్సరీ మట్టి ఉంది. ఇది చదివి లేచి నిలబడి ఉంటారు. కూర్చోండి, ఇంకా ఉంది.

ఆయిల్ డబ్బా, ఫిల్టర్ అబర్దీన్ బజారులో కొన్నాను. ఎలా మార్చాలో ఫోన్‌లో వీడియో చూశాను. అయినా ధైర్యం చాలక జంగ్లీఘాట్ నుంచి మా నాన్నని రమ్మన్నాను. పడవ ఇంజిన్ చప్పుడు విని ఏం తేడా వచ్చిందో చెప్పేస్తాడని నాన్నకి అక్కడ పేరు కదా. కారు గురించి తనకేమీ తెలియదని మాత్రం చచ్చినా ఒప్పుకోడు. తన డుంగీ పడవని ఒడ్డుకి లాగినప్పుడు కింద పెట్టే చెక్క దిమ్మలు ఆటోలో వేసుకుని వచ్చాడు. వాటి మీదకి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగాను. కారు ముక్కు పైకెత్తి నిలబడింది.

నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని కింద దూరబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇంజిన్ మీద ఆడోళ్ళ సెయ్యి పడకూడదే. నీకు తెల్దేటి?”

తెలుసు. చిన్నప్పుడు పడవ ఇంజిన్ మీద చెయ్యి వేశానని దాన్ని పసుపు నీళ్ళతో కడిగించి గానీ సముద్రంలోకి దించలేదు. ఆ రోజు మా అమ్మ నన్ను ఎన్ని తిట్టిందో. అయినా అడిగాను.

“ఇది పడవ కాదు గదా నాన్నా.”

నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. టైర్లు చూశాడు, అద్దం తట్టాడు. “గంగమ్మ తల్లి మీద నడిసీది కాదు గదా. దీనికి ఆ పట్టింపు నేదులే. దూరు” అన్నాడు.

దూరాను. ఇంజిన్ ముందే కాస్త వేడెక్కించి ఆపాను, ఆయిల్ పలచబడి బాగా దిగుతుందని. అడుగున ఉన్న బోల్టు ఉప్పుగాలికి తుప్పుపట్టి కదలనంది. పానా వేసి, కాలితో తన్ని, పళ్ళు కొరికి తిప్పితే వదిలింది. నల్లటి ఆయిల్ మోచేతి దాకా జారింది. కింద పెట్టింది అత్తయ్య చేపలు కడిగే బేసిన్ అని ఆవిడ అప్పుడు గుర్తుపట్టింది. గుమ్మంలో నిలబడి మా పుట్టింటి వాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంది. పాత ఫిల్టర్ చేతికి రాకపోతే నాన్న వలతాడు ముక్క దాని చుట్టూ మెలేసి ఒక్క లాగు లాగాడు, వచ్చేసింది. కొత్తదాని రబ్బరు అంచుకి ఆయిల్ రాసి చేత్తో బిగించాను. బోల్టు బిగించాను. మురికి ఆయిల్ నాన్న తన డబ్బాలోకి ఒంపుకున్నాడు, పురుగు పట్టకుండా డుంగీ అడుగున పూస్తాడట. ఇంత పని నా చేత్తో నేను చేసి ఎన్నాళ్ళయిందో. కారు కింద పడుకుని ఆ బోల్టు చూస్తుంటే లేవబుద్ధి కాలేదు.

తర్వాత కొత్త ఆయిల్ పోశాం. ఆయిల్ చూసే కడ్డీ తీసి, తుడిచి, ముంచి చూస్తే గీత అందలేదు. బండిని కిందకి దించి సమంగా ఉన్న నేల మీద చూడాలని వీడియోలో చెప్పారు నాన్నా అన్నాను.

“పడవ ఏనాడైనా సదరంగా నిలబడ్డాదేటే? ఊగతానే ఉంటాది, ఊగతా ఉంటేనే సూత్తాం. పొయ్యి.”

పోశాను. ఇంకా అందలేదు. “పొయ్యి. నడిసంద్రంలో తక్కువైతే ఎవుడిత్తాడు?” డాలీగంజ్‌లో నడిసంద్రం ఎక్కడుందని నేనూ అడగలేదు. డబ్బా మొత్తం ఖాళీ అయ్యాక కడ్డీ మీద గీత అందింది. ఇద్దరం తృప్తిగా మొహాలు చూసుకున్నాం. కారు దించాం, దిమ్మలు కడిగాం, టీ తాగాం. కారు దించాక మళ్ళీ కడ్డీ తీసి చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే రాజ్‌కిరణ్ వచ్చి కారు చూసుకున్నాడు. ఆలోచించి చెప్తానన్నాడు. అంతవరకు రాసి పెన్ను పక్కన పెట్టేశాను. ఇంతతో ఆపేసి, మిగతాది ఆయన ఫోన్‌లో మీకు చెప్పుకుంటాడులే అని ఊరుకుందామనిపించింది. లేచి వీధిలోకి వెళ్ళాను. వాన పడుతోంది, కారు తడుస్తోంది. లోపలికి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. రాస్తాను.

రాజ్‌కిరణ్ వచ్చేసరికి నాన్న ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. లంబాలైన్ దాకా ఒక రౌండు వేసి వద్దామని ముగ్గురం బయల్దేరాం. నాన్న తన ఆయిల్ డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక కూర్చున్నాడు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుంటే మీ స్నేహితుడు కాసేపు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. “ఆప్ చలాతే హో, దీదీ?” అని పక్కన ఎక్కాడు. ఎత్తు రోడ్డు ఎక్కేదాకా కారు బాగానే నడిచింది. ఎక్కుతుంటే అద్దంలో వెనక రోడ్డు కనబడలేదు. నీలంగా పొగ. వెనక స్కూటర్ మీద వస్తున్నాయన హారన్ కొడుతూ దగ్గుతున్నాడు.

“రోకో దీదీ, రోకో” అని దిగి, రాజ్‌కిరణ్ వెనక్కి వెళ్ళి చూసి వచ్చాడు. “నీలం పొగ. ఇంజన్ తో గయా దీదీ, పోయినట్టే. గోపీ భయ్యా నాకు ఈ మాట చెప్పలేదే.”

వెనక నుంచి నాన్న, “నూని ఎక్కువైనట్టుందే, అందుకే ఈ పొగ...” అని మొదలుపెట్టాడు.

“నాన్నా, పొగ లోపలికొచ్చేస్తన్నాది. అద్దం ఎక్కించు” అన్నాను. నా గొంతు విని నాన్న మాట ఆపి అద్దం ఎక్కించాడు.

“ఎప్పటి నుంచి ఇలా ఉంది దీదీ?” అని అడిగాడు రాజ్‌కిరణ్.

“ఏమో భయ్యా, ఇంజిన్ల గురించి నాకేం తెలుసు” అన్నాను. నా గోళ్ళ కింద నల్లటి ఆయిల్ ఇంకా పోలేదు. చేతులు పైట కింద పెట్టుకున్నాను.

అదీ జరిగింది. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. మీరు ఇంజిన్ల మధ్య బతికే మనిషి, ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ముక్కు పైకెత్తి ఉన్న బండిలో కొలత చూశాం కాబట్టి తక్కువ చూపించింది, మేం ఎక్కువ పోశాం, ఎక్కువైంది కాలింది. రాజ్‌కిరణ్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాక విమానాశ్రయం గోడ పక్కన సమంగా ఉన్న రోడ్డు మీద ఆపి కడ్డీ తీస్తే, ఆయిల్ గీత దాటి ఎక్కడికో పోయి ఉంది. మెల్లగా ఇంటికి తెచ్చి ఎక్కువైనదంతా బోల్టు వదులు చేసి తీసేశాం. ఇప్పుడు పొగ లేదు. నిన్న సిప్పీఘాట్ వెళ్ళి వచ్చాను, చప్పుడు కూడా మెత్తగా ఉంది.

ఈ ఒక్క మాట రాజ్‌కిరణ్‌తో అక్కడే అనేసి ఉండొచ్చు. పేరంటానికి పిలిచినంత తేలిక. నేను అనలేదు. ఆ పొగ చూడగానే భయం వేయాలి కదా, మీ సొమ్ము, మీరు ఇష్టపడి కొన్న బండి. నాకు సంతోషం వేసింది. ఇంజిన్ పోయిందని ఆయన అంటుంటే గుండె మీంచి బరువు దిగింది. కారు అమ్ముడుపోకపోతే టికెట్ల మాట వెనక్కి పోతుందని, నేను నోరు విప్పి ఏమీ అననక్కర్లేదని. అంత సంతోషం వేశాక, ఇన్నాళ్ళూ మీ ప్రశ్నకి నా జవాబు ఏమిటో నాకు తెలియదని అనుకోవడం కుదరలేదు.

నాన్న జంగ్లీఘాట్ వెళ్ళేముందు చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“బతికున్న ఇంజిన్ని సచ్చిపోనాదని పరాయోడి నోట అనిపించేవు.”

“నేనేం అన్నేదు కదా నాన్నా.”

“అన్నేదు. అననిచ్చేవు. బండి అమ్మడం నాకిష్టం నేదంటే నీ నోరు అరిగిపోద్దా? మొగుడితో సెప్పుకోనేక ఇంజిన్ మీద నేరం ఎడతావా?”

మా వాళ్ళ సంగతి మీకు తెలుసు. సముద్రం మీద ఇంజిన్ ఆగిపోయినా చెడిపోయిందనరు, అలిగిందంటారు. తిండి పెట్టే దాన్ని చచ్చిందంటే అది వింటుందని వాళ్ళ భయం. నాన్న నన్ను తిట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, ఇలా నెమ్మదిగా అన్నది ఇదే. నాకు అన్నం సయించలేదు. ఇంజిన్ విన్నదో లేదో నాకు తెలియదు, నేను మాత్రం విన్నాను.

ఇవాళ పొద్దున రాజ్‌కిరణ్ ఫోన్ చేశాడు. ఆదివారం మెకానిక్‌ని వెంటబెట్టుకుని వస్తాడట, ఇంజిన్ పోయిన బండి ధరకి తీసుకుంటాడట. “గోపీ భయ్యాతో నేను మాట్లాడనా?” అని అడిగాడు. ఆదివారం దాకా ఆగమన్నాను. శనివారం కదిలిన ఓడ మీ దగ్గరికి చేరేసరికి ఆదివారం దాటిపోతుంది. ఇది మీరు చదివేటప్పటికి నేను ఆయనకి జవాబు చెప్పేసి ఉంటాను. ఇంజిన్ బాగానే ఉందని, పొగ రావడానికి కారణం మేమేనని, అప్పుడు తెలిసీ చెప్పనందుకు ఏమీ అనుకోవద్దని, బండి అమ్మడం లేదని చెప్తాను.

ముందే ఫోన్ చేసి నాతో ఒక మాట అనొచ్చు కదా అంటారు. అనొచ్చు. కానీ మీ గొంతు వింటే నేను సరే అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే, మీరు మెత్తగా అడుగుతారు, నేను సరే అంటాను, తర్వాత వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తాను. మీరు ఏనాడూ నన్ను బలవంతం చేయలేదు. చేసి ఉంటే పోట్లాడి అయినా ఉండేదాన్ని.

నేను పై నెల ఓడకి రాను. ఆ తర్వాతి ఓడకీ రాను. అక్కడ క్వార్టర్ వెనకే సముద్రం, ప్రశాంతంగా ఉంటుందని రాశారు. నాకు ప్రశాంతత పడదండీ. మీరు డ్యూటీకి వెళ్తే నేను ఆ ప్రశాంతతలో కిటికీ చువ్వలు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. పుట్టినప్పటి నుంచి నన్ను ఎవరో ఒకరు తీసుకెళ్తేనే ఎక్కడికైనా వెళ్ళాను, ముందు నాన్న, తర్వాత మీరు. ఇప్పుడు నేను అత్తయ్యని హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను, పద్మినిని స్కూల్లో దింపుతున్నాను, నా పనికి నేను వెళ్తున్నాను. ఇది వదులుకోలేను. మీరంటే ఇష్టం లేక రాస్తున్న మాట కాదు. మీ చొక్కాలు ఎవరూ వేసుకోకపోయినా వారానికోసారి ఉతికి ఆరేస్తున్నానని అత్తయ్య నవ్వుతుంది. మీరు లేక మంచం సగం ఖాళీ, నేను ఇప్పటికీ ఆ గోడవైపే పడుకుంటున్నాను.

పర్మనెంట్ ఉద్యోగం వదిలి రమ్మని అడగను. బదిలీకి దరఖాస్తు పెట్టుకోవడానికి ఎన్నాళ్ళు అక్కడ ఉండాలో కనుక్కోండి. అన్నాళ్ళూ ఉందాం, మీరు అక్కడ, మేం ఇక్కడ. దానికి ఒప్పుకోలేకపోతే ఆ మాటా చెప్పండి. కానీ ఫోన్‌లో కాదు, వచ్చి చెప్పండి. సెలవు పెట్టి రండి. కోపం తగ్గకపోతే కోపంతోనే రండి. జెట్టీలో దిగాక ఎదురొచ్చిన ఆడవాళ్ళలో నన్ను వెతక్కండి. బయట కార్ల వరసలో చూడండి, స్టీరింగ్ దగ్గర ఉంటాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే,
పద్మిని అమ్మ,
బేబీరాణి